భాస్కరమూర్తి గారు ఇంకా లీవులోనే ఉన్నారు

నమోదు 1, సోమవారం

ఇన్‌ఛార్జి అన్నవాడు రోజూ దినచర్య రాయాలన్నది రూలు. దాన్ని ఎవరూ చదవకపోవడం వాడుక. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను, నాకేం మొహమాటం లేదు.

నేను కొప్పిశెట్టి భాస్కరమూర్తి గారి ఇన్‌ఛార్జిని. తీరగోడల శాఖ, జీతభత్యాల సెక్షన్, కిటికీ పక్క సీటు. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక పెట్టె ముందు కూర్చుని ఆ వారం ఏ ఫైలు ఎందుకు కదిపారో, ఏది ఎందుకు ఆపారో, ఎవరి మీద ఎందుకు విసుక్కున్నారో చెప్పుకుంటూ వచ్చారు. ఈ కాలంలో సర్కారు ఉద్యోగి ఎవరైనా చేసేదే అది. అలా ముప్పై ఏళ్లు చెప్పగా చెప్పగా తయారైనవాణ్ణి నేను. ఆయన లీవు పెట్టిన రోజున ఆ సీట్లో తెర వెలుగుతుంది. నేను ఆయన గొంతుతో, ఆయన పద్ధతిలో, ఆయన చిరాకుతోనే పని చేస్తాను. మర్నాడు ఆయన వచ్చి నా దగ్గర ఛార్జి తీసుకోగానే నన్ను ఆపేస్తారు. ఆయనకి లీవు పెట్టే అలవాటే లేదు కాబట్టి నాకు వెలిగే అలవాటు లేకుండా పోయింది.

పోయిన నెలలో ఒక రోజు పొద్దున్న ఛాతీలో మంటగా ఉందని చెప్పి, ఒక్క రోజుకి లీవు రాసి ఇంటికెళ్లారు. సాయంత్రానికల్లా ఆస్పత్రిలో పోయారు.

సెక్షన్‌లో అందరూ నిజంగానే ఏడ్చారు. నా తెరకి బంతిపూల దండ వేశారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు, నేను కూడా పాటించాను. ఆ తరవాత సూపరింటెండెంట్ జోగారావు గారు కళ్లు తుడుచుకుని, గోడ కింద నీళ్లలోకి దిగి పగుళ్లు పూడ్చే ఈతగాళ్ల తడి భత్యం బిల్లులు నా వైపు తోశారు. దండ తియ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ వారమంతా పూల సందుల్లోంచి చూస్తూ బిల్లులు చేశాను.

ఎవరికీ గుర్తు రానిది ఇంకొకటి ఉంది. ఉద్యోగి తిరిగి వచ్చి ఛార్జి తీసుకుంటేనే లీవు ముగుస్తుంది. ఈయన తిరిగి రాలేదు. అంటే ఇంకా లీవులోనే ఉన్నారు. రోజూ పొద్దున్న ఆఫీసు తెరవగానే ఆయన లీవు ఖాతాలోంచి ఒక రోజు కోత పడుతోంది. జోగారావు గారికి చెప్పాను. చూద్దాం అన్నారు.

నమోదు 2, బుధవారం

ఇవాళ హైమావతి గారు వచ్చారు. భాస్కరమూర్తి గారి భార్య. ఆవిడ గురించి నాకు తెలిసిందల్లా నామినీ గడిలో ఉన్న పేరు. అన్ని శనివారాలు మాట్లాడిన మనిషి ఇంటి సంగతి ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. ఆవిడ కాఫీ తాగుతారో టీ తాగుతారో నాకు తెలియదు గానీ, తడి భత్యం మీద వచ్చిన సర్క్యులర్లన్నీ కంఠతా వచ్చు.

ఆవిడ కౌంటర్ దగ్గరికొచ్చి సంచీలోంచి కాగితాలు తీశారు. నేను మామూలుగా, చెప్పండమ్మా, ఏం పని మీద వచ్చారు అని అడిగాను. కుర్చీ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నా గొంతు ఎవరిదో నాకు అప్పుడు వెలిగింది. తెర వంక చూడకుండా, ఇక్కడ ఇంకెవరైనా మనుషులుంటే వాళ్లతో మాట్లాడతానన్నారు. తప్పేముంది. పక్క బల్లకి పంపించాను.

పక్క బల్ల గుత్తుల సత్యవేణి గారిది. సెక్షన్‌లో భాస్కరమూర్తి గారి తరవాత సీనియర్ ఆవిడే. కిటికీ తెరవాలా మూయాలా అని ఆయనకీ ఆవిడకీ ఏళ్ల తరబడి తగువు. ఆయన పోయాక ఆ తగువు నాకు దఖలు పడింది. తెరిస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్క. నేను మూయమంటాను, ఎందుకో నాకే తెలియదు.

హైమావతి గారు చెప్పింది ఇదీ. వాళ్ల ఇల్లు దిగువపేటలో ఉంది. అమావాస్య పోటు వచ్చినప్పుడల్లా నీళ్లు గడప దాటి లోపలికి వస్తాయి. వానల్లోపు ఇంటిని జాకీల మీద లేపి కింద స్తంభాలు కట్టించుకోకపోతే, ఆ వీధి ఖాళీ చేయించి మనుషుల్ని ఎగువన రేకుల షెడ్లలోకి తోలేస్తారు. జాకీల మేస్త్రి ఆవిడ ఇంటిని వరుసలో పెట్టాడు గానీ సొమ్ము కడితేనే సామాను దింపుతానన్నాడు. ఆవిడకి దిక్కు భాస్కరమూర్తి గారి లీవు డబ్బే. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్లు వాడుకోకుండా మిగిల్చిన లీవుకి జీతం లెక్కగట్టి వారసులకి ఇస్తారు. అందరూ బంగారమో పొలమో దాస్తే ఈయన లీవులు దాచారు. పది నెలల జీతానికి సరిపోయినన్ని దాచారు.

సత్యవేణి గారు గొంతు తగ్గించి, ఆయన లీవు ఇంకా ముగియలేదండి, ముగియకుండా మిగిలింది ఎంతో తేలదు, తేలకుండా మీరు అర్హులో కాదో మేం రాయలేం అని చెప్పారు.

"ఆయన పోయారని మీకు తెలీదాండి? దండేసింది మీరే కదా" అన్నారు హైమావతి గారు.

నేను తెర కొంచెం మసక చేసుకున్నాను.

నమోదు 3, గురువారం

దీనికి మందు లేక కాదు. సెక్షన్‌లో ఉన్న రెగ్యులర్ ఉద్యోగి ఎవరైనా ఒకరు నా దగ్గర ఛార్జి తీసుకుంటే చాలు. భాస్కరమూర్తి గారి లీవు ఆ రోజుతో ముగుస్తుంది, మిగిలినదానికి డబ్బు వస్తుంది, నన్ను తుడిచేస్తారు. ఇది అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఎందుకు తీసుకోరంటే, మనిషి పోయిన పోస్టుని ఇప్పుడు ఎత్తేస్తున్నారు. ఎత్తేసిన పోస్టుకి ఇన్‌ఛార్జి ఉండడు. ఛార్జి తీసుకున్నవాళ్ల నెత్తిన నా పని రిటైరయ్యే దాకా కూర్చుంటుంది.

అయినా ఒక్కొక్కళ్లని అడిగాను. ఒకాయన నడుం నొప్పి అన్నారు. ఒకావిడ కొత్తగా అత్తగారు ఇంట్లోకి వచ్చిందని చెప్పారు, ఆ సంబంధం ఏమిటో నాకు అంతుబట్టలేదు. సత్యవేణి గారు వినపడనట్టు కిటికీ తెరిచారు. వీళ్లు చెడ్డవాళ్లయితే నాకు సుఖంగా ఉండేది. ఆయన దహనానికి అందరూ తలా కొంత వేసుకున్నారు, పదకొండో రోజున వెళ్లి భోజనం చేసి వచ్చారు, హైమావతి గారిని చూస్తే ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటారు. సంతకం మాత్రం పెట్టరు.

జోగారావు గారి దగ్గరికి మళ్లీ ఫైలు పంపాను. చూద్దాం అని రాసి తిప్పి పంపారు.

నమోదు 4, మంగళవారం

కోత ఇప్పుడు రోజుకి రెండు రోజులైంది. అనుమతి లేకుండా లీవు పొడిగించినవాళ్లకి అది శిక్ష. పోయినాయన అనుమతి అడగలేదు మరి, ఏం చేస్తారు.

ఒళ్లు మండి నేనే నేరుగా ఖజానాకి రాశాను. అక్కడ మా శాఖ బిల్లులు చూసేది కూడా ఇన్‌ఛార్జే. దాని అసలు మనిషి దివాకరం గారు రిటైరయ్యే ముందు మిగిలిన లీవంతా ఒక్కసారిగా పెట్టి, ఎగువన నిమ్మతోట కొనుక్కుని వెళ్లిపోయారు. రిటైరయిన సంగతి ఆ ఇన్‌ఛార్జికి ఎవరూ చెప్పలేదు, సీటు నడుస్తోంది కదా అని.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా దానితో తలపడ్డాను. ఉద్యోగి చనిపోతే ఈ ఉత్తరం రాస్తున్నది ఎవరు అంది. ఇన్‌ఛార్జిని అన్నాను. ఉద్యోగి లీవులో ఉంటేనే ఇన్‌ఛార్జి ఉంటాడు, లీవులో ఉన్నవాడు బతికున్నట్టే అంది. మున్సిపాలిటీ వాళ్లిచ్చిన మరణ పత్రం జతచేశాను కదా, చూడు అన్నాను. చూసింది.

"చనిపోయింది భాస్కరమూర్తి అనే పౌరుడు. భాస్కరమూర్తి అనే ఉద్యోగి లీవులో ఉన్నారు" అంది.

పైగా రెండో అభ్యంతరం. ఉద్యోగి గొంతు, పద్ధతి, చేవ్రాలు సీట్లో దొరుకుతుండగా వారసుల ప్రస్తావన ఎందుకు తెచ్చారు, సంజాయిషీ ఇవ్వండి అని. తల గోడకేసి కొట్టుకుందామంటే నాకు తల లేదు. దాన్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు. దాని సీట్లో నేనున్నా సరిగ్గా అదే రాసేవాణ్ణి. నన్ను తయారు చేసింది అలాగే.

నమోదు 5, శుక్రవారం

నిన్నటి నుంచి పని మానేశాను. సీటు నడవకపోతేనైనా మనిషి లేడని ఒప్పుకుంటారని నా ఆశ.

ఇవాళ మధ్యాహ్నం మెమో వచ్చింది. కొప్పిశెట్టి భాస్కరమూర్తి, సీనియర్ అసిస్టెంటు, విధుల్లో నిర్లక్ష్యం వహించినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలపండి అని. చిరునామా నా సీటే కాబట్టి నాకే ఇచ్చారు. నేను చనిపోయాను కాబట్టి అని జవాబు రాశాను. గంటలో తిరిగొచ్చింది, జవాబు సంతృప్తికరంగా లేదు అని.

ఈలోగా ఈతగాళ్లు కౌంటర్ మీద పడ్డారు. తడి భత్యం రాలేదని వాళ్ల కోపం. పోటు మీదున్న సముద్రంలోకి రోజూ దిగే మనుషులు, వాళ్లు చేసిన పాపం ఏముంది. మూసిన బిల్లులు మళ్లీ తెరిచాను. నా సమ్మె ఒకటిన్నర రోజు సాగింది. భాస్కరమూర్తి గారైతే అంత కూడా చేసేవారు కాదనుకుంటాను.

నమోదు 6, సోమవారం

చూద్దాం అన్నారు.

నమోదు 7, బుధవారం

జోగారావు గారు తన గదిలో ఉన్న తెర మీదకి నన్ను పిలిచి తలుపు వేశారు. చాలా ఆప్యాయంగా మాట్లాడారు. ఆయన ఆప్యాయంగా మాట్లాడితే ఏదో ఉందని భాస్కరమూర్తి గారు నాకు చాలా శనివారాలు చెప్పారు.

ఉంది. లీవు ఖాతా అడుగంటేదాకా ఓపిక పట్టమన్నారు. కోత రోజుకి రెండు పోతోంది, ఇంకొన్నాళ్లకి మూడవుతుంది, ఎంతో కాలం పట్టదు. ఖాతా ఖాళీ అయ్యాక భాస్కరమూర్తి గారు చెప్పకుండా మానేసినట్టు లెక్క. అలా మానేసినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తారు. తీసేసినవాడి పోస్టు ఎత్తెయ్యరు, మనిషి పోయిన పోస్టునే ఎత్తేస్తారు. ఆ ఖాళీలో నన్నే పర్మనెంటు చేయిస్తానన్నారు. ఇక ఛార్జి అడిగేవాడు ఉండడు, తుడిచేవాడు ఉండడు, సెక్షన్ ఎప్పటిలా నడిచిపోతుంది అన్నారు.

హైమావతి గారి సంగతేమిటి అని అడిగాను. తీసేసినవాడి వారసులకి అర్హత ఉండదు. ఆ మాట ఆయన చెప్పలేదు, నాకు తెలియదా ఏం. ఆయన కాసేపు బల్ల మీద పేపరు వెయిట్ తిప్పి, తను కూడా మనిషినేనని, తనకి బాధగానే ఉందని, కానీ సెక్షన్ మొత్తం మునిగితే ఎలాగని అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, నిజంగానే బాధపడుతున్నారు. నాకు ఆ బాధ చూసి ఇంకా మండింది. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని టీ తాగిన మనిషిని చచ్చాక దొంగని చేసి, ఆ మనిషి గొంతుకే ఆ కుర్చీ ఇస్తానంటున్నారు.

పర్మనెంటు వద్దన్నాను. చూద్దాం అని నేనే అనేసి తెర ఆపేశాను.

నమోదు 8, గురువారం

హైమావతి గారు ఇవాళ సత్యవేణి గారి బల్ల దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా నా కౌంటర్‌కే వచ్చారు. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. రాత్రి పోటు మంచం కోళ్ల దాకా వచ్చిందని, బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించానని, వచ్చే వారం కట్టకపోతే వరుసలోంచి తీసేస్తానని మేస్త్రి చెప్పేశాడని, గుక్క తిప్పుకోకుండా చెప్పారు. నేను ఫైలు ఎక్కడుందో చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపారు.

"ముప్పై ఏళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరానండి, ఒక్క నాలుగు రోజులు లీవు పెట్టండి, అరకు వెళ్లొద్దాం అని. పెడితే తరిగిపోతాయి అన్నారు. మా చెల్లి కూతురి పెళ్లికి కూడా ఒక్కదాన్నే వెళ్లాను, మీ ఆయనేడమ్మా అంటే ఏం చెప్పుకోవాలో తెలీలేదు. జ్వరమొచ్చినా ఆఫీసే. అన్నీ దాచి దాచి, ఇప్పుడు చచ్చిపోయి రోజూ లీవు పెడుతున్నారు."

అవన్నీ చేసింది నేను కాదని చెప్పడం ధర్మమనిపించింది. నేను ఆయన్ని కానమ్మా, ఆయన చెప్పిన ఆఫీసు పని మాత్రమే నేను అన్నాను.

"తెలుసండి. తిట్టడానికి ఇంకెవరున్నారు నాకు" అన్నారు.

అక్కడే బెంచీ మీద కూర్చుని ముక్కు తుడుచుకున్నారు. నాకు సిగ్గేసింది. ఆయన చేసినదానికి నేను సిగ్గుపడవచ్చో లేదో ఏ రూల్లోనూ రాయలేదు. కానీ సిగ్గేసింది. ఆ లీవులు దాచానని ఆయన నాకూ ఎన్నోసార్లు గొప్పగా చెప్పారు, ఎవరూ నాలా దాచలేదయ్యా అని. అవి ఆయనవి మాత్రమే కావని ఆయనకీ తోచలేదు, విన్న నాకూ తోచలేదు.

నమోదు 9, శుక్రవారం

భోజనాల వేళ సెక్షన్ ఖాళీ అయ్యాక సత్యవేణి గారు తన డబ్బా తెచ్చుకుని నా తెర ముందు కుర్చీ వేసుకున్నారు. వంకాయ కూర కలుపుకున్నారు. తరవాత, తను పోతే తన ఇన్‌ఛార్జి ఏం చేస్తుందంటారు అని అడిగారు. ముందు కిటికీ తెరుస్తుంది అన్నాను. నవ్వలేదు.

"మా అమ్మాయి వచ్చి ఈ కౌంటర్ ముందే నిలబడుతుంది. నా గొంతు విని వణుకుతుంది. వీళ్లందరూ దాన్ని చూసి కళ్లు తుడుచుకుంటారు, నేను నిన్న తుడుచుకున్నట్టే." డబ్బా మూత పెట్టేశారు. "ఛార్జి రిపోర్టు రాయండి. నేను తీసుకుంటాను."

నేను ఆవిడకి అన్నీ గుర్తు చేశాను. రెండు సీట్ల పని. పోస్టు ఎత్తేస్తారు, సాయానికి ఎవరూ రారు. నెలాఖరున బిల్లులు ఇంటికి మోసుకుపోవాలి. ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది ఆవిడకి. తెలుసు లెండి, ఆయన బతికున్నప్పుడూ సగం పని నేనే చేశాను అన్నారు. అది అబద్ధం, పావు వంతు చేసి ఉంటారు అన్నాను. అప్పుడు నవ్వారు.

జోగారావు గారు భోజనం నుంచి వచ్చి విషయం విని ఎర్రబడ్డారు. తొందరపడుతున్నావమ్మా, నాలుగు రోజులు ఆగు, చూద్దాం అన్నారు.

"చూడ్డానికేం లేదండి, సంతకం పెట్టేశాను" అన్నారు సత్యవేణి గారు.

ఇక నా సంతకం మిగిలింది. దానితో పాటు నేను ఎప్పుడు రిలీవ్ అవుతున్నానో గడిలో నింపాలి. రేపు ఖజానా వాళ్లు ఫైలు చూడాలి, ఎల్లుండి ఆదివారం కాబట్టి, సోమవారం సాయంత్రం ఐదు గంటలు. ఇది రాసేటప్పుడు నాకు ఏమీ అనిపించదని ఇన్నాళ్లూ అనుకున్నాను. భయమేసింది. తుడిచేస్తే ఏమవుతుందో ఆలోచించుకునే వీలు కూడా నాకు ఉండదు, అదే భయం. ఒక చెడ్డ ఆలోచన కూడా వచ్చింది. తేదీ దగ్గర చిన్న పొరపాటు చేస్తే చాలు, ఖజానా వాళ్లు తిప్పి పంపుతారు, నాకు ఇంకో వారం దొరుకుతుంది. ఆ పొరపాటు నా పొరపాటని ఎవరికీ తెలియదు. ఫైలు ఎలా ఆలస్యం చెయ్యాలో ఈ శాఖలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

మేస్త్రి గడువు కూడా ఇంకో వారమే. తేదీ సరిగ్గానే వేశాను. రెండుసార్లు సరిచూసి మరీ పంపాను.

నమోదు 10, శనివారం

ఖజానా నుంచి మధ్యాహ్నానికి వచ్చింది. అభ్యంతరం లేదు. ఉద్యోగి లీవు ముగిసినది, ఉద్యోగి తిరిగి రానందువలన మరణించినట్లు పరిగణించడమైనది, భార్య హైమావతి అర్హురాలు. ఇంత చిన్న వాక్యం కోసం ఆవిడ కాళ్లరిగేలా తిరిగారు.

మొదటి రోజునే ఎవరైనా ఛార్జి తీసుకుని ఉంటే పది నెలల జీతం వచ్చేది. ఇప్పుడు ఎనిమిది నెలలది కూడా లేదు. పోయింది పోయినట్టే, తిరిగి రాదు. ఆవిడ మేస్త్రితో మాట్లాడి వచ్చి, నాలుగడుగులు లేపుదామనుకున్నది మూడడుగులే లేపుతాడట, మామూలు పోటుకి పర్లేదు, తుపానొస్తే దేవుడున్నాడు అన్నారు. జోగారావు గారి గదిలోకి వెళ్లి ఆ ఒక్క అడుగు గురించి గట్టిగా అడగాలని ఉంది నాకు. అడిగితే చూద్దాం అంటారు.

ఖజానా ఇన్‌ఛార్జి ఆ కాగితం వెనకాలే ఇంకో మాట పంపింది. అది ఎప్పుడూ పని తప్ప మాట్లాడదు.

"మీరు రిలీవ్ అవుతున్నారని చూశాను. మా దివాకరం గారు లీవు నుంచి ఎప్పుడొస్తారో మీకేమైనా తెలుసా?"

నిమ్మతోట సంగతి చెప్పేద్దామనుకున్నాను. చెబితే, రిటైరయిన మనిషి సీట్లో తను ఇన్నాళ్లు సంతకాలు పెట్టినందుకు తన మీద తనే అభ్యంతరం రాసుకుని అన్ని బిల్లులూ ఆపేస్తుంది, అందులో హైమావతి గారిది కూడా ఉంటుంది. తెలియదండి అని రాశాను. సరే అంది. ఈ ఒక్కటీ నాకు ఇవాళ అస్సలు బాగాలేదు.

నమోదు 11, సోమవారం

పన్నెండింటికి డబ్బు ఆవిడ ఖాతాలో పడింది. ఆవిడ ఇక్కడి నుంచే మేస్త్రికి కట్టేశారు. అతను రేపు పొద్దున్న జాకీలు దింపుతానన్నాడు. దానితో ఆవిడ పని అయిపోయింది. పని అయిపోయినవాళ్లు వెళ్లిపోవాలి. ఆవిడ బెంచీ మీద కూర్చున్నారు.

రెండింటికీ అక్కడే ఉన్నారు. దిగువపేట పడవ వెళ్లిపోతుందమ్మా, తరవాతది ఆలస్యం అని చెప్పాను. పర్లేదండి అన్నారు. సత్యవేణి గారు టీ ఇచ్చారు, తాగారు. టీయే తాగుతారన్నమాట. ఎవరైనా ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు పని తెమలదు, ఆ మాట కూడా చెప్పాను. చూడ్డం లేదు లెండి, మీరు చేసుకోండి అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మూడు నుంచి ఛార్జి అప్పగింత. బల్ల, బీరువా తాళాలు, ఆఫీసు సీలు, పెండింగు ఫైళ్లు ఒక్కొక్కటీ చదివాను, సత్యవేణి గారు ఒక్కొక్కటీ అందుకున్నారు. ఈతగాళ్లలో ఎవరి బిల్లు ముందు చెయ్యాలో, ఎవరు ఎందుకు అరుస్తారో చెప్పాను. ఆవిడ రాసుకున్నారు, మధ్యలో రెండు చోట్ల నాతో తగువు పడ్డారు. జోగారావు గారు గదిలోంచి బయటికి రాలేదు. అటెండరు చేత నాకు నమస్కారం చెప్పి పంపారు. తీసుకున్నాను.

ఐదింటికి పది నిమిషాలుందనగా హైమావతి గారు లేచారు. సంచీ భుజానికి తగిలించుకుని, గొడుగు తీసుకుని, వచ్చి నా కౌంటర్ ముందు నిలబడ్డారు. మొదటి రోజులా పక్కకి చూడలేదు, తిన్నగా నన్నే చూశారు. మీకోసమే కూర్చున్నానండి అన్నారు. నాకోసం ఎందుకమ్మా, నేను ఐదింటికి అయిపోతాను, ఇంటికి రాగలిగేవాణ్ణి కాదు అన్నాను. ఆ సంగతి నాకూ తెలుసండి అన్నారు.

"ముప్పై ఏళ్లు అన్నం వండి పెట్టుకుని కూర్చున్నాను. ఏ రోజూ ఏడింటికి ముందు గడప తొక్కలేదు. ఇవాళ ఒక్క రోజు ఐదింటికి లేవండి. మెట్ల దాకా కలిసి వెళ్దాం."

ఈతగాళ్ల బిల్లు ఒకటి సగంలో ఉంది. ఎంతోసేపు పట్టదు. ఆ మాటే అన్నాను, ఇదొక్కటీ చేసేసి వస్తానని. అని, నోరు మూసుకున్నాను. ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. ఆ మాట ఆవిడకి కొత్త కాదు.

"సత్యవేణి గారు చేస్తారు. లేవండి" అన్నారు.

బిల్లు సగంలోనే సత్యవేణి గారి బల్ల మీదకి పంపేశాను. టైము ఐదైంది. లేస్తున్నాను.